బరువులా, పరుగులా? కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఆఫ్ సీజన్‌లో ఏది ఎంచుకోవాలి

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆట నాలుగు నెలలైతే తయారీ ఎనిమిది నెలలు. ఆగస్టు చివర్లో మొదలైన సీజన్ చాలా జట్లకు నవంబరు చివరికి ముగుస్తుంది. జనవరిలో శీతాకాలపు వ్యాయామాలు, మార్చి, ఏప్రిల్ నెలల్లో 15 స్ప్రింగ్ ప్రాక్టీసులు, మే నెలలో పరీక్షలూ కొద్దిపాటి విరామమూ, జూన్, జూలైలలో వేసవి శిక్షణ, ఆగస్టు మొదట్లో క్యాంపు. ఈ నెలల్లో ఆటగాడి ముందు చాలా దారులుంటాయి. బరువులెత్తి బలం పెంచుకోవాలా? వేగం మీద కాలం పెట్టాలా? ఆయాసం రాకుండా దూరపు పరుగులు తీయాలా? కాలేజీ వెయిట్ రూమ్‌లోనే ఉండాలా, డబ్బు కట్టి ప్రైవేటు కోచ్ దగ్గర చేరాలా? అన్నీ కొంచెం కొంచెం చేస్తే సరిపోతుందనిపిస్తుంది కానీ, అలా చేసినవాడు దేనిలోనూ గట్టిగా ముందుకు వెళ్లడు. కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏలో అగ్రశ్రేణి అయిన డివిజన్ 1లో ఆఫ్ సీజన్‌లో జట్టు తప్పనిసరి చేయగలిగిన సమయం వారానికి 8 గంటలు మాత్రమే. శరీరం కోలుకునే శక్తికి ఉన్న హద్దు అంతకన్నా కఠినమైనది.

టెక్సస్‌లో ఫ్రిస్కో, న్యూజెర్సీలో ఎడిసన్ లాంటి ఊళ్లలో పెరిగే తెలుగు పిల్లలకు శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు. వాళ్లలో ఒకరికి కాలేజీలో ఆడే అవకాశం వస్తే మాత్రం, మన ఇళ్లలో ఆ ఆట ఆడి పెరిగిన పెద్దలు లేరు కాబట్టి, ఏం చేయాలో చెప్పేవారు దొరకరు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఆటగాళ్ల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వారం మొదట్లో, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు వేగం. దాని వెనక బలం. దూరపు పరుగులు చివర్లో, తక్కువ మోతాదులో. చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. ఒళ్లు హూనమైతేనే శిక్షణ జరిగినట్టు లెక్క అనే నమ్మకం ఫుట్‌బాల్‌లో బలంగా పాతుకుపోయింది. అలసట తెప్పించడం ఎవరికైనా చేతనవుతుంది. వేగం పెంచడానికే తెలివి కావాలి.

ముందు లోటు ఎక్కడో చూడండి

ఏ పద్ధతి మంచిదని అడగబోయే ముందు, ఈ కుర్రవాడికి ఏది తక్కువగా ఉందో చూడాలి. దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మూడు కొలతలు చాలు.

మొదటిది, భుజాల మీద బార్ పెట్టుకుని పూర్తి లోతుకు దిగి లేచే స్క్వాట్‌లో ఒక్కసారి ఎత్తగలిగే బరువు. 90 కిలోల ఆటగాడు 120 కిలోలే ఎత్తుతుంటే, బలం పెంచుకోవడమే అతనికి వేగం పెంచుకునే దగ్గరి దారి. 180 కిలోలు, అంటే తన బరువుకు రెట్టింపు, శుభ్రంగా ఎత్తుతుంటే ఇంకో 20 కిలోలు కలిపినంత మాత్రాన పరుగులో పెద్ద తేడా కనిపించదు. ఇది కోచ్‌లు వాడే ఉజ్జాయింపు లెక్క. ముందు వరుసలో ఎదుటివాళ్లను నెట్టే 140 కిలోల లైన్‌మన్‌కు దీన్ని యథాతథంగా వర్తింపజేయకూడదు.

రెండోది, నిలబడ్డచోటి నుంచి 10 గజాల పరుగు. మూడోది, అప్పటికే పూర్తి వేగంలో ఉండగా దాటే 10 గజాలు. ఈ మూడోదాన్ని చాలామంది కొలవరు. కానీ అసలు గుట్టు బయటపెట్టేది అదే. మైదానంలో 10 గజాల ఎడంతో రెండు కోన్లు పెట్టండి. వాటికి 20 గజాల వెనక నుంచి ఆటగాడు వేగం పుంజుకుంటూ వస్తాడు. ఫోనును రెండు కోన్లకూ సరిగ్గా మధ్యలో, పక్క నుంచి, వీలైనంత దూరంగా నిలబెట్టి, సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్‌లో రికార్డు చేయండి. నడుము మొదటి కోన్ దాటిన ఫ్రేము నుంచి రెండో కోన్ దాటిన ఫ్రేము వరకు లెక్కపెట్టండి. 240 ఫ్రేములు వస్తే సరిగ్గా ఒక సెకను, అంటే గంటకు దాదాపు 33 కిలోమీటర్ల వేగం. 228 వస్తే గంటకు దాదాపు 34.7 కిలోమీటర్లు. ప్రతిసారీ ఒకేచోట, ఒకే రకం బూట్లతో, ఒకే పద్ధతిలో తీస్తేనే ఈ అంకెలను పోల్చుకోవచ్చు.

ఇప్పుడు ఎంపిక సులభమవుతుంది. మొదటి 10 గజాలు నెమ్మదిగా ఉండి స్క్వాట్ కూడా తక్కువగా ఉంటే బరువుల గదికి వెళ్లాలి. స్క్వాట్ బాగానే ఉన్నా మొదటి 10 గజాలు నెమ్మదిగా ఉంటే, ఉన్న బలాన్ని త్వరగా వాడటం రావడం లేదు. అతనికి దూకుళ్లు, స్లెడ్ (నేలమీద ఈడ్చే బరువుల చట్రం), పూర్తి శక్తితో తీసే చిన్న పరుగులు కావాలి. ఆరంభం బాగుండి, పూర్తి వేగంలోనే వెనకబడుతుంటే ఎన్ని బరువులెత్తినా ప్రయోజనం ఉండదు. అతను పూర్తి వేగంతో పరుగెత్తడమే నేర్చుకోవాలి.

బరువుల గదిలో మూడు దారులు

1969లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం బాయిడ్ ఎప్లీ అనే యువకుణ్ణి ఫుట్‌బాల్ జట్టుకు బరువుల శిక్షకుడిగా నియమించింది. బరువులెత్తితే కండరాలు బిగుసుకుపోయి ఆటగాళ్లు మందగిస్తారని అప్పట్లో చాలామంది కోచ్‌లు భయపడేవారు. ప్రధాన కోచ్ బాబ్ డెవానీకీ ఆ భయం ఉండేది. ఆటగాళ్ల వేగం తగ్గితే ఉద్యోగం పోతుందని ఎప్లీని ముందే హెచ్చరించారంటారు. 1970, 1971 సీజన్లలో నెబ్రాస్కా వరసగా జాతీయ ఛాంపియన్ అయింది. అమెరికాలో బలం శిక్షకుల జాతీయ సంఘాన్ని 1978లో స్థాపించింది కూడా ఎప్లీయే. ఈ రోజు ప్రతి పెద్ద కాలేజీలో కనిపించే విశాలమైన వెయిట్ రూమ్‌లకు మూలం అక్కడుంది. డెవానీ అడిగినది మాత్రం బరువుల గురించి కాదు, వేగం గురించి. ఆ ప్రశ్న ఈనాటికీ సరైనదే.

మొదటి దారి: స్క్వాట్, పడుకుని బార్‌ను ఛాతీ మీద నుంచి పైకి నెట్టే బెంచ్ ప్రెస్, నేల మీది బార్‌ను ఎత్తి నిటారుగా నిలబడే డెడ్‌లిఫ్ట్ చుట్టూ అల్లిన భారీ బరువుల శిక్షణ. నేర్చుకోవడం తేలిక, పెరుగుదల కళ్లకు కనిపిస్తుంది, కండ వస్తుంది. మొదటి రెండేళ్ల ఆటగాడికి దీనికి మించింది లేదు. ఇబ్బంది ఆ తర్వాతే మొదలవుతుంది. గోడ మీద రికార్డుల బోర్డు ఉన్నచోట అంకె కోసం ఎత్తడం అలవాటవుతుంది. వీపు వంచి, సగం లోతుకే దిగి, బార్‌ను ఛాతీ మీద ఎగరేసి సంపాదించిన అంకె మైదానంలో ఎందుకూ పనికిరాదు. ముఖ్యంగా బెంచ్ ప్రెస్‌కు దక్కాల్సిన దానికంటే ఎక్కువ గౌరవం దక్కుతోంది. వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్లను పరీక్షించే కంబైన్‌లో 225 పౌండ్లను, అంటే 102 కిలోలను, ఎన్నిసార్లు ఎత్తారో లెక్కిస్తారు కాబట్టి దానికా పేరు. లైన్‌మన్‌కు అది కొంతవరకు అవసరమే. బంతి అందుకునేవాళ్లను కాచే కార్నర్‌బ్యాక్ దాని కోసం వారానికి మూడు రోజులు వెచ్చించడం వృథా.

రెండో దారి: నేల మీది బార్‌ను ఒక్క ఊపులో భుజాల దాకా లేపే పవర్ క్లీన్, తలపైకి లేపే స్నాచ్ లాంటి ఒలింపిక్ లిఫ్టులు. చీలమండ, మోకాలు, తుంటి ఒక్కసారిగా విచ్చుకునే కదలిక ఇది. దూకడంలో, ఎదుటివాణ్ణి ఢీకొట్టడంలో జరిగేది కూడా అదే. మంచి కోచ్ పక్కనుంటే క్లీన్ చాలా విలువైనది. లేకపోతే ప్రమాదం. బార్‌ను తొడల నుంచి దూరంగా తిప్పి లాగేవాళ్లు, మోచేతులు ముందుకు రాక మణికట్టు మీద బరువు పట్టుకునేవాళ్లు ఏ జిమ్‌లోనైనా కనిపిస్తారు. మణికట్టుకు పాత గాయం ఉన్న రిసీవర్‌కు (బంతి అందుకునేవాడు), భుజం నొప్పి ఉన్న క్వార్టర్‌బ్యాక్‌కు (బంతి విసిరేవాడు) దీన్ని తప్పనిసరి చేయడం న్యాయం కాదు.

మూడో దారి: దూకుళ్లు, మెడిసిన్ బాల్ (బరువైన బంతి) విసరడాలు, ట్రాప్ బార్‌తో తేలికపాటి జంపులు. ట్రాప్ బార్‌లో మనిషి బార్ లోపల నిలబడతాడు, బరువు రెండు పక్కలా ఉంటుంది, నడుము మీద భారం తగ్గుతుంది. ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. క్లీన్‌తో వచ్చే లాభంలో ఎక్కువ భాగం దీనితోనూ వస్తుంది. వేసవిలో ఒంటరిగా సాధన చేసే ఆటగాడికి నేను చెప్పేది ఇదే: కోచ్ ఉంటే క్లీన్, లేకపోతే ట్రాప్ బార్ జంప్.

బార్ వేగాన్ని కొలిచే పరికరాలు చాలా కాలేజీల్లో వాడుతున్నారు. నిద్ర చాలని రోజున బార్ నెమ్మదిస్తుంది, కోచ్ ఆ రోజు బరువు తగ్గిస్తాడు. మంచి పద్ధతే. అది లేదని బెంగ పడనక్కర్లేదు. ఇంకా రెండు సార్లు ఎత్తగలిగే శక్తి ఉండగానే సెట్ ఆపే అలవాటు చేసుకుంటే దాదాపు అదే ఫలితం వస్తుంది.

ఏ దారి పట్టినా ఒకటి వదలకూడదు. మోకాళ్ల మీద నిలబడి, మడమలను తోటి ఆటగాడు పట్టుకోగా, శరీరాన్ని నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలే నార్డిక్ వ్యాయామం. దీన్ని శిక్షణలో చేర్చిన జట్లలో తొడ వెనక కండరాల గాయాలు సుమారు సగానికి తగ్గాయని పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. మొదటి వారం తొడలు బాగా పట్టేస్తాయి. అందుకే రెండు సెట్లు, నాలుగైదు సార్లతో మొదలుపెట్టాలి.

వేగానికి వేగమే మందు

2024 కంబైన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం రిసీవర్ జేవియర్ వర్తీ 40 గజాలను 4.21 సెకన్లలో పరుగెత్తాడు. 2017లో జాన్ రాస్ నెలకొల్పిన 4.22 రికార్డు చెరిగిపోయింది. వర్తీ బరువు 165 పౌండ్లు, అంటే దాదాపు 75 కిలోలు. అతనిలాంటి వేగం పుట్టుకతో కొంత వస్తుంది, కాదనలేం. కానీ ఎవరైనా తన ప్రస్తుత వేగం కంటే ముందుకు వెళ్లగలరు. దానికి షరతు ఒక్కటే: ప్రతి పరుగూ పూర్తి శక్తితో జరగాలి, తర్వాతి పరుగుకు ముందు శరీరం పూర్తిగా కోలుకోవాలి.

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ట్రాక్ కోచ్‌లు పాటించే మోటు లెక్క ప్రకారం ప్రతి 10 గజాల పూర్తి వేగపు పరుగుకు దాదాపు ఒక నిమిషం విశ్రాంతి కావాలి. 30 గజాలు పరుగెత్తినవాడు మూడు నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలూ పక్కన నిలబడి చూసేవారికి సోమరితనంలా కనిపిస్తాయి. పది సెకన్లు ఆగి మళ్లీ పరుగెత్తిస్తే మాత్రం చెమట పడుతుంది, రొప్పు వస్తుంది, వేగం మాత్రం పెరగదు. నెమ్మదిగా పరుగెత్తడం బాగా వంటబడుతుంది.

మంచి రోజు ఎలా ఉంటుందో చూపిస్తాను. సోమవారం ఉదయం, పచ్చిక ఆరిన తర్వాత. పావుగంట వేడెక్కే వ్యాయామాలు, గంతులు, మోకాళ్లెత్తి నడక. తర్వాత మూడు కాళ్ల మీద, అంటే రెండు పాదాలూ ఒక చెయ్యీ ఆనించిన భంగిమ నుంచి, 10 గజాల పరుగులు నాలుగు. మొదటి అడుగులో వెనక కాలు నేలను వెనక్కి నెడుతోందా లేక ఆటగాడు గబుక్కున లేచి నిలబడిపోతున్నాడా అని చూడాలి. ఆ తర్వాత పూర్తి వేగంతో దాటే 10 గజాలు మూడు, ఒక్కోదానికి మధ్య నాలుగు నిమిషాలు. మొత్తం గంటలోపే పూర్తవుతుంది. ఏదైనా పరుగు మొదటిదానికంటే స్పష్టంగా నెమ్మదించిందంటే, చేయాల్సినవి ఇంకా మిగిలున్నా ఆ రోజుకు ఆపేయాలి. తర్వాత బరువుల గది.

ఇలాంటివి వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో కనీసం 48 గంటల ఎడం ఉండాలి. ఒక రోజు ఆరంభపు త్వరణానికి, ఇంకో రోజు పూర్తి వేగానికి.

స్లెడ్ లాగడం త్వరణానికి మంచి తోడు. బరువైన స్లెడ్ మొదటి 10 గజాల నెట్టుడును బలపరుస్తుంది, పూర్తి వేగానికి దాని సాయం తక్కువ. పారాచూట్ కట్టుకుని పరుగెత్తడం, నేలమీద పరిచిన నిచ్చెనలో చకచకా పాదాలు కదపడం చూడటానికి బాగుంటాయి. నిచ్చెన వేడెక్కడానికి పనికొస్తుంది, వేగం పెంచదు. దాని మీద అరగంట పెట్టే శిక్షకుడికి డబ్బు కట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.

పూర్తి వేగపు పరుగును భయంతో మానేయడం ఇంకో పొరపాటు. తొడ వెనక కండరం చాలాసార్లు పట్టేసేది పూర్తి వేగంలోనే. అందుకని ఆఫ్ సీజన్ అంతా ఆ వేగాన్ని ముట్టుకోకుండా ఆగస్టులో మొదటి రోజే డిఫెండర్‌ను దాటాలని లగెత్తితే గాయం తప్పించుకోవడం కష్టం. వారానికి ఒకటి రెండుసార్లు ఆ వేగాన్ని కండరానికి పరిచయం చేస్తూ ఉండటమే రక్షణ.

దూరపు పరుగులు: ఎంత, ఎప్పుడు, ఎలా ఆపాలి

ఫుట్‌బాల్‌లో ఒక ప్లే, అంటే బంతి కదిలినప్పటి నుంచి ఆట ఆగేదాకా, సగటున ఐదారు సెకన్లు. తర్వాతి ప్లేకు గడియారం 40 సెకన్లు ఇస్తుంది. ఇలాంటి ఆటకు మైళ్లకు మైళ్ల జాగింగ్ పనికిరాదు. 110 గజాల పరుగులను పదేసి, పదహారేసి తీయించడం చాలా జట్లలో సంప్రదాయం. జూలైలో కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్తే తప్పులేదు. జనవరి చివర్లో, సెలవుల నుంచి వచ్చిన మొదటి వారంలో, శిక్షగానో మనోబలానికి పరీక్షగానో తీయించడం ప్రమాదం. ఇక్కడ మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ప్రాణాలు పోయాయి.

2011 జనవరిలో అయోవా విశ్వవిద్యాలయంలో శీతాకాల విరామం తర్వాత ఆటగాళ్లతో తమ గరిష్ఠ బరువులో సగంతో 100 స్క్వాట్లు చేయించారు. 13 మంది కండరాలు చితికిపోయి, ఆ వ్యర్థాలు మూత్రపిండాలకు చేరే రాబ్డోమయోలిసిస్‌తో ఆస్పత్రి పాలయ్యారు. 2018 మే 29న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జోర్డాన్ మెక్‌నేర్ అనే 19 ఏళ్ల లైన్‌మన్ 110 గజాల పరుగులు తీస్తూ వడదెబ్బకు గురయ్యాడు. అతన్ని వెంటనే చల్లటి నీటి తొట్టెలో దించలేదు. రెండు వారాల తర్వాత కన్నుమూశాడు. శ్రమతో వచ్చే వడదెబ్బలో ముందు చల్లబరచాలి, ఆస్పత్రికి తరలింపు ఆ తర్వాతే. కాలేజీని ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి ప్రశ్న రికార్డుల బోర్డు గురించి కాదు. వ్యాయామ స్థలంలో చల్లటి నీటి తొట్టె సిద్ధంగా ఉంటుందా, వ్యాయామాన్ని ఆపే అధికారం ఆటగాళ్ల ఆరోగ్యం చూసే అథ్లెటిక్ ట్రైనర్‌కు ఉందా, ఇవి అడగండి. జవాబు తడబడితే జాగ్రత్తపడండి.

ఎర్ర రక్తకణాలను వంకర తిప్పే జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే దాన్ని సికిల్ సెల్ లక్షణం అంటారు, దాని గురించి కూడా చెప్పాలి. ఈ లక్షణం ఉన్నవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. విశ్రాంతి లేకుండా తీవ్రంగా పరుగెత్తిస్తే మాత్రం కుప్పకూలిపోయే ప్రమాదం ఉంది. 2006లో రైస్ విశ్వవిద్యాలయం ఆటగాడి మరణం తర్వాత, 2010 నుంచి డివిజన్ 1లో ఈ పరీక్ష నిబంధనగా వచ్చింది. భారతదేశంలో ఇది ప్రధానంగా ఆదివాసీ సమూహాల్లో కనిపిస్తుంది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల వారికి ఈ పేరు తెలుసు. అమెరికాలో పుట్టిన పిల్లలకు పుట్టగానే ఈ పరీక్ష చేస్తారు. భారత్‌లో పుట్టి వచ్చినవారి దగ్గర ఆ నివేదిక ఉండకపోవచ్చు. ఒక్క రక్తపరీక్షతో తేలిపోయేదాన్ని వాయిదా వేయొద్దు.

వేసవిలో ఎక్కడ

పెద్ద డివిజన్ 1 కాలేజీలో ఉంటే ఈ ప్రశ్నే రాదు, జట్టుతోనే ఉండాలి. కింది శ్రేణి అయిన డివిజన్ 3లో క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు, వేసవిలో చాలామంది ఇంటికి వచ్చేస్తారు. అసలు ఎంపిక వాళ్లది.

ప్రైవేటు కేంద్రాల్లో కొన్ని నిజంగా మంచివి. చూడాల్సింది గోడల మీద ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల ఫొటోలు కాదు. ఒక్కో శిక్షకుడి దగ్గర ఎంతమంది ఉన్నారు, పరుగుల మధ్య విశ్రాంతి ఎంత ఇస్తున్నారు, కాలేజీ కోచ్ పంపిన ప్రణాళికను పాటిస్తారా లేక పక్కన పడేసి తమది మొదలుపెడతారా, ఇవి చూడండి. కాలేజీ ప్రణాళిక ఒకటి, ప్రైవేటు ప్రణాళిక ఇంకొకటి కలిపి చేయడం రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. కుర్రవాడు ఉదయం ఒకచోట, సాయంత్రం ఇంకోచోట స్క్వాట్ చేసి జూలైకల్లా మోకాళ్లు పట్టుకుంటాడు.

నా ఓటు చాలాసార్లు పాత హైస్కూల్ వెయిట్ రూమ్‌కే. అక్కడి కోచ్‌కు ఈ కుర్రవాడి ఒళ్లు తెలుసు, తోడుగా పరుగెత్తే పాత జట్టువాళ్లు ఉంటారు, మైదానం ఉంటుంది, ఖర్చు దాదాపు ఉండదు. పక్కన మనిషి ఉంటే పరుగు సహజంగానే వేగం పుంజుకుంటుంది. ప్రైవేటు కేంద్రానికి కట్టాల్సిన డబ్బులో కొంత తిండికి పెట్టండి.

తిండి మాటకొస్తే, శాకాహార ఇళ్ల నుంచి వచ్చిన ఆటగాళ్లకు ఒక సూచన. ప్రొటీన్ రోజుకు ఒక కిలో శరీర బరువుకు 1.6 గ్రాములకు తగ్గకూడదు. పప్పు, పెరుగు, పనీర్‌తో అది సాధ్యమే, లెక్కపెట్టుకుని తినాలి. కండరాలకు తక్షణ శక్తినిచ్చే క్రియాటిన్ తిండి ద్వారా దాదాపుగా మాంసాహారం నుంచే వస్తుంది కాబట్టి శాకాహారుల కండరాల్లో అది తక్కువగా ఉంటుంది. రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్ వాళ్లకు బాగా పనిచేస్తుంది. డబ్బా మీద ఎన్‌ఎస్‌ఎఫ్ క్రీడా ధ్రువీకరణ ముద్ర ఉన్నదే కొనాలి. డోపింగ్ పరీక్షలో దొరికితే పొరపాటున తాగానన్న మాట చెల్లదు.

స్థానాన్ని బట్టి

లైన్‌మన్‌కు 40 గజాల సమయం కన్నా మొదటి 5 గజాలు ముఖ్యం. బరువులు, స్లెడ్, 10 గజాల పరుగులు చాలు. రిసీవర్, కార్నర్‌బ్యాక్‌లకు పూర్తి వేగం మొదటి స్థానంలో ఉండాలి, బరువులు వారానికి మూడు రోజులకు మించనక్కర్లేదు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్, ముందు వరుస వెనక కాపు కాసే లైన్‌బ్యాకర్‌లకు రెండూ సమంగా. క్వార్టర్‌బ్యాక్ భారీ బెంచ్ ప్రెస్ తగ్గించి, వెనక భుజం కండరాలకు, మెడిసిన్ బాల్‌కు సమయం ఇవ్వాలి.

ఏ స్థానంలో ఉన్నా, విరామం తర్వాత తిరిగి మొదలుపెట్టేటప్పుడు బలం శిక్షకుల సంఘాలు 2019లో ఇచ్చిన మార్గదర్శకాన్ని పాటించండి. ఇంతకుముందు చేసిన గరిష్ఠ పరుగుల మొత్తంలోంచి మొదటి వారం 50 శాతం, రెండో వారం 30, మూడో వారం 20, నాలుగో వారం 10 శాతం తగ్గించాలి. ఎండకు శరీరం అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి, జూలై మధ్య నుంచి ఏసీ జిమ్‌లోని కొన్ని వ్యాయామాలను ఆరుబయటికి మార్చుకోండి. మొదట ఉదయం పూట, తర్వాత క్యాంపులో ప్రాక్టీసు జరిగే సమయానికే. ఆ రెండు వారాల్లో బరువులు కొంచెం తగ్గినా కంగారు పడొద్దు, పూర్తి వేగపు పరుగులు మాత్రం వారానికి ఒక రోజైనా ఉంచండి.